రోగి ఉన్న చోటికే వైద్యం: బోస్టన్ వీధి వైద్య బృందం సేవలపై సమీక్ష

అమెరికాలో వైద్యం గురించి మన తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోట మాట వస్తే, ఇన్సూరెన్సు చిక్కులు, తరువాత వచ్చిపడే బిల్లులు, స్పెషలిస్టు అపాయింట్‌మెంటు కోసం నెలల తరబడి ఎదురుచూపులు, ఇవే ముందుగా చర్చకు వస్తాయి. అదే దేశంలో, బోస్టన్ నగరంలో, అపాయింట్‌మెంటు అడగకుండా, రోగి ఏ వంతెన కింద పడుకుంటే ఆ వంతెన కిందికే డాక్టరూ నర్సూ నడిచి వెళ్లే సేవ ఒకటి నలభై ఏళ్లుగా నడుస్తోంది. దాని పేరు బోస్టన్ హెల్త్ కేర్ ఫర్ ది హోమ్‌లెస్ ప్రోగ్రామ్. అందులో వీధుల్లో తిరిగే విభాగాన్ని స్ట్రీట్ టీమ్ అంటారు. నేను ఈ నగరంలో ఉద్యోగం చేస్తూ, ఆఫీసుకు వెళ్లే దారిలో ఆ బృందం పనిని గమనిస్తూ, చలికాలంలో మా తెలుగు మిత్రుల తరఫున మేజోళ్లు, దుప్పట్లు సేకరించి నిరాశ్రయులకు అందేలా చూస్తూ వచ్చాను. ఆ మేరకు ఉన్న పరిచయంతో, రోగిగా కాక పక్కన నిలబడి చూసిన మనిషిగా రాస్తున్న సమీక్ష ఇది. నా అభిప్రాయం ముందే చెబుతాను: నేను చూసిన వైద్య సేవలన్నింటిలో దీనికే మొదటి స్థానం ఇస్తాను. ఒకే మనిషి దగ్గరికి, అతను వద్దన్నా సరే, వారాల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లే ఓపిక అందుకు ముఖ్య కారణం.

1985లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్, ప్యూ ట్రస్టు కలిసి నిరాశ్రయుల వైద్యం కోసం నిధులిచ్చిన 19 అమెరికా నగరాల్లో బోస్టన్ ఒకటి. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో రెసిడెన్సీ ముగించి, క్యాన్సర్ వైద్యంలో పై శిక్షణకు న్యూయార్క్ వెళ్లబోతున్న జిమ్ ఓకానెల్ అనే యువ వైద్యుడిని ఒక్క ఏడాది ఈ పని చేసి వెళ్లమని పెద్దలు అడిగారు. ఆ ఏడాది గడిచినా ఆయన న్యూయార్క్ వెళ్లలేదు. పైన్ స్ట్రీట్ ఇన్ అనే పెద్ద రాత్రి ఆశ్రయంలో అప్పటికే ఏళ్లుగా క్లినిక్ నడుపుతున్న నర్సులు, ఈ కొత్త డాక్టరు వచ్చీ రాగానే ప్రశ్నలు వేసి మందులు రాయడం మొదలుపెడితే తాము కూడగట్టుకున్న నమ్మకం పోతుందని భయపడ్డారు. బార్బరా మెకిన్నిస్ అనే నర్సు ఆయన చేత స్టెతస్కోపు పక్కన పెట్టించి, వచ్చినవారి పాదాలను గోరువెచ్చని మందునీళ్లలో నానబెట్టి కడిగే పని అప్పగించారు. కొన్ని వారాలపాటు ఆయన వైద్యమంతా అదే. ఈ సంగతిని ఓకానెల్ ఎన్నో సభల్లో కృతజ్ఞతతో చెప్పుకున్నారు.

పాదాల దగ్గర మొదలుపెట్టడంలో మర్యాద ఉంది, వైద్యపరమైన తెలివీ ఉంది. వీధిలో బతికే మనిషి పగలంతా నడుస్తాడు, లేదంటే కుర్చీలో కూర్చునే నిద్రపోతాడు; దానివల్ల కాళ్లు వాస్తాయి. బూట్లు విప్పితే ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో తడిసిన మేజోళ్లతోనే రోజులు గడుపుతాడు. చర్మం నాని, తెల్లబడి, పొరలుగా ఊడివస్తుంది. షుగరు జబ్బు ఉంటే స్పర్శ తెలియక పుండు ఎముకదాకా పోతుంది. మసాచుసెట్స్ చలికి వేళ్లు నల్లబడి రాలిపోయిన వాళ్లను నేనే చూశాను. కాబట్టి పాదం చూసిన నర్సుకు ఆ మనిషి ఆరోగ్యం సగం అర్థమవుతుంది. ఇక మర్యాద సంగతి: పాదాలు కడిగేటప్పుడు వైద్యుడు కింద కూర్చుంటాడు, రోగి పైన కుర్చీలో కూర్చుంటాడు. గడప తొక్కిన అతిథికి ముందుగా కాళ్లకు నీళ్లిచ్చే సంప్రదాయంలో పెరిగిన మనకు ఇందులోని గౌరవం విడమరిచి చెప్పనక్కరలేదు.

సేవ నడిచే తీరు ఇలా ఉంటుంది. రాత్రిళ్లు పైన్ స్ట్రీట్ ఇన్ వ్యాను సూపు, శాండ్‌విచ్‌లు, దుప్పట్లతో తెల్లవారేదాకా ఊరంతా తిరుగుతుంది. ఆ వ్యానులో వైద్యులూ వెళ్లడం 1980ల నుంచీ ఉన్న ఆనవాయితీ. పగటిపూట వైద్యులు, నర్సులు, మానసిక వైద్యులు, వ్యసనం నుంచి తాము బయటపడి ఇప్పుడు ఇతరులకు తోడు నిలిచే సహాయకులు బృందాలుగా నడుస్తూ బోస్టన్ కామన్ పార్కు, డౌన్‌టౌన్ క్రాసింగ్, సౌత్ స్టేషన్, చార్ల్స్ నది గట్టు వంటి చోట్లకు వెళతారు. వీధిలో తేలనివాటికి మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో గురువారాల్లో నడిచే ప్రత్యేక క్లినిక్ ఉంది. రోగి వివరాలన్నీ కంప్యూటర్ రికార్డులో ఉంటాయి కాబట్టి, ఒక వంతెన కింద కట్టు కట్టిన నర్సు రాసిన మాట మరో ఆశ్రయంలో అదే రోగిని చూసే డాక్టరుకు కనిపిస్తుంది. చిరునామా లేని రోగికి కొనసాగింపుగా వైద్యం అందడానికి ఇంతకంటే అవసరమైనది మరొకటి లేదు.

నేను దగ్గర నుంచి చూసిన ఒక ఘట్టం చెబుతాను. జనవరి ఉదయం, పార్క్ స్ట్రీట్ స్టేషన్ సమీపంలో, గోడకు ఆనుకుని అట్టపెట్టెల మీద ఒక పెద్దమనిషి పడుకుని ఉన్నాడు. నర్సు ఆయన తలవైపు కాకుండా, కళ్లు తెరిస్తే తాను కనిపించేలా కాస్త ఎడంగా కాళ్లవైపు నిలబడి, పేరుపెట్టి శుభోదయం చెప్పింది. ఆయన దుప్పటి తొలగించకుండానే ఇవాళ వద్దన్నాడు. ఆమె వీపున ఉన్న సంచిలో సెలైన్ సీసాలు, గాజుగుడ్డ చుట్టలు, టేపు, బీపీ యంత్రం, చేతి తొడుగులు, కవరు విప్పని ఊలు మేజోళ్లు ఉన్నాయి. అందులోంచి మేజోళ్లు మాత్రం తీసి ఆయన చేతికి అందే దూరంలో పెట్టి, గురువారం వస్తానని చెప్పి వెళ్లిపోయింది. బలవంతం చేయలేదు, నీతులు చెప్పలేదు, కాలు కుళ్లిపోతుందని బెదిరించలేదు. కొంతకాలానికి అదే చోట ఆ పెద్దమనిషి పాత మెట్టు మీద కూర్చుని ప్యాంటు మోకాలిదాకా మడిచి ఉండగా, ఆమె మంచు కరిగిన నేల మీద మోకాళ్లూని, పిక్క మీది పుండును సెలైన్‌తో కడుగుతోంది. పాత కట్టు చర్మానికి అతుక్కుపోయిన చోట లాగకుండా, నీళ్లు పోస్తూ, అది దానంతట అది వదిలేదాకా ఆగింది. ఆ ఆగడాన్ని నేను మర్చిపోలేదు. రద్దీగా ఉండే ఎమర్జెన్సీ విభాగంలో అంత సమయం ఎవరికీ దొరకదు.

మానసిక వైద్యం విషయంలో ఈ ఓపిక మరింత కీలకం. స్కిజోఫ్రీనియా ఉన్న మనిషికి వీధిలో రెండు చిక్కులు. తనకు జబ్బు ఉందని అతను చాలాసార్లు ఒప్పుకోడు. ఒప్పుకున్నా రోజూ మాత్రలు దాచుకునే చోటు, గుర్తుచేసే మనిషి ఉండరు. అందుకే వీధి వైద్యంలో పనిచేసే మానసిక వైద్యులు, రోగి ఒప్పుకుంటే, కొన్ని వారాలపాటు లేదా నెలపాటు ప్రభావం నిలిచే ఇంజెక్షన్లను ఆశ్రయిస్తారు. ఆ ఒప్పుదల వచ్చేదాకా వారి పని చాలావరకు పక్కన కూర్చోవడం, కాఫీ తెచ్చివ్వడం, వాతావరణం గురించీ బేస్‌బాల్ గురించీ మాట్లాడటం. చూసేవారికి ఇది కాలయాపనగా అనిపించవచ్చు. ఒకప్పుడు బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్లినవారు, మంచానికి కట్టేసిన జ్ఞాపకం ఉన్నవారు తెల్లకోటును చూస్తేనే పారిపోతారని తెలిసినవారికి అలా అనిపించదు.

అయితే ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఉంది. వద్దన్న మాటను ఎంతవరకు గౌరవించాలి? మసాచుసెట్స్ చట్టంలోని సెక్షన్ 12 ప్రకారం, మానసిక జబ్బు వల్ల తనకుగానీ ఇతరులకుగానీ తీవ్ర హాని కలిగే పరిస్థితి ఉంటే రోగి ఇష్టానికి విరుద్ధంగానైనా గరిష్ఠంగా మూడు పనిదినాలపాటు ఆసుపత్రిలో ఉంచవచ్చు. మైనస్ డిగ్రీల రాత్రి పలచటి చొక్కాతో కూర్చుని, ఆశ్రయానికి రానంటున్న మనిషి ఈ నిర్వచనంలోకి వస్తాడా? ఈ నిర్ణయం తీసుకునేవారికి ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలిసి ఉండటం చాలా పెద్ద తేడా తెస్తుంది. నిన్నటిదాకా జోకులేసిన మనిషి ఇవాళ మాట తడబడుతున్నాడంటే అది మొండితనం కాదని, చలి మెదడుకు ఎక్కిందని పరిచయం ఉన్న నర్సు పోల్చుకోగలదు. అప్పుడే వచ్చిన పోలీసు పోల్చుకోలేడు. కాబట్టి స్వేచ్ఛను గౌరవించడానికీ, అవసరమైనప్పుడు దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టడానికీ కూడా పాత పరిచయమే ఆధారమని నాకు అనిపించింది.

వ్యసనం సంగతి ఇక్కడ విడిగా ఉండదు. ఈ కార్యక్రమంలో వైద్యం పొందిన 28,033 మంది వయోజనులను 2003 నుంచి 2008 వరకు పరిశీలించిన అధ్యయనంలో మరణాలకు మొదటి కారణం మత్తుమందుల ఓవర్‌డోస్ అని తేలింది. ఫెంటనిల్ అనే అతి తీవ్రమైన మత్తుమందు వచ్చాక పరిస్థితి మరీ భయంకరమైంది. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు చెందిన క్రాఫ్ట్ సెంటర్‌తో కలిసి 2018లో ప్రారంభించిన కేర్‌జోన్ అనే వ్యాను, మత్తుమందుల వాడకం ఎక్కువగా ఉన్న వీధుల్లో ఆగి, మత్తుమందు మీద యావను తగ్గించే బుప్రెనార్ఫిన్ చికిత్స, ఓవర్‌డోస్ ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ స్ప్రే, శుభ్రమైన సూదులు, మామూలు వైద్యం ఒకే చోట ఇవ్వడం మొదలుపెట్టింది. శుభ్రమైన సూదులివ్వడం మనవాళ్లలో చాలామందికి మింగుడుపడదు. ఇది తప్పును ప్రోత్సహించడమే కదా అని నన్ను అడిగినవారున్నారు. సూది మానేసే రోజుదాకా ఆ మనిషి హెచ్ఐవీ, హెపటైటిస్ సి రాకుండా బతికి ఉండాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను.

ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది బార్బరా మెకిన్నిస్ హౌస్. ఆసుపత్రిలో ఉంచేంత జబ్బు లేదు, వీధిలో కోలుకునేంత ఆరోగ్యమూ లేదు అన్న స్థితిలో ఉన్నవారికి ఇది 104 పడకల ఆశ్రయం. కాలు విరిగి పిండికట్టు వేసినవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, శస్త్రచికిత్స కుట్లు ఆరనివారు ఇక్కడ ఉండి తేరుకుంటారు. ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోండి అని డిశ్చార్జి కాగితం మీద రాసి ఇచ్చినప్పుడు, ఆ ఇల్లే లేని మనిషి ఏం చేయాలన్న ప్రశ్నకు ఈ భవనం జవాబు. ఆల్బనీ స్ట్రీట్‌లో ఇప్పుడు ఈ పడకలున్న భవనం ఒకప్పుడు నగర శవాగారం. వీధిలో చనిపోయినవారిని చేర్చిన గోడల మధ్య ఇవాళ వీధి నుంచి వచ్చినవారు సూపు తాగుతూ టీవీ చూస్తున్నారు. లోపం ఒక్కటే, ఆ సంఖ్య సరిపోదు. చలి ముదిరినప్పుడు పడక కోసం ఎదురుచూసేవారు ఎప్పుడూ ఉంటారు.

ఇక ఫలితాల మాట. ఇక్కడ నిజాయితీగా చెప్పాల్సినవి ఉన్నాయి. 2018లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనం, ఈ బృందం చూసిన, ఆశ్రయాల్లో కాకుండా వీధుల్లోనే పడుకునే 445 మందిని 2000 నుంచి 2009 వరకు పరిశీలించింది. వారిలో 134 మంది చనిపోయారు. రాష్ట్రంలోని సాధారణ వయోజనుల కంటే వారి మరణాల రేటు దాదాపు 10 రెట్లు, ఆశ్రయాల్లో పడుకునే నిరాశ్రయులతో పోల్చినా దాదాపు 3 రెట్లు ఎక్కువ. మరణించినప్పటి సగటు వయసు 53 ఏళ్లు. ఇంత శ్రద్ధగల వైద్యం అందుతున్నవారిలోనే ఇలా ఉందంటే, వీధికి వెళ్లే వైద్యం ఇల్లు లేని లోటును పూడ్చలేదన్నది స్పష్టం. ఇల్లు ఇస్తే సరిపోతుందా అంటే, అదీ పూర్తిగా కాదని మరో అధ్యయనం చూపించింది. వీధి నుంచి నేరుగా ఇళ్లలోకి మారిన 73 మందిలో ఏడాది పైగా ఆ ఇంట్లో నిలిచినవారు 82 శాతం కాగా, ఐదేళ్లు పైబడి నిలిచినవారు 36 శాతమే. 45 శాతం మంది ఇళ్లలో ఉండగానే మరణించారు. ఏళ్ల తరబడి వీధిలో ఒంటినిండా తెచ్చుకున్న జబ్బులు తాళంచెవి చేతికిచ్చినంత మాత్రాన వదలవు. అన్నాళ్లూ పదిమంది మధ్య బతికిన మనిషికి నాలుగు గోడల ఒంటరితనం కూడా భరించరానిది కావచ్చు. ఈ అంకెలు దాచకుండా తామే ప్రచురించినందుకు ఈ బృందం మీద నా గౌరవం పెరిగింది. ఇల్లిచ్చాక కూడా అదే నర్సు ఆ తలుపు తట్టాలన్న పాఠం అందులో ఉంది.

డబ్బు ఎక్కడిదని అడిగేవారికి: పేదలకు ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇందులో పెద్ద ఆధారం, ఆపైన విరాళాలు. వీధిని వైద్యం జరిగే స్థలంగా గుర్తిస్తూ 2023 అక్టోబరు 1 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య విభాగం 27 అనే ప్రత్యేక బిల్లింగ్ కోడ్ తెచ్చింది. చిన్న మార్పులా కనిపించినా దీని ప్రభావం పెద్దది, ఎందుకంటే కాలిబాట మీద చేసిన వైద్యానికి కూడా లెక్క ప్రకారం డబ్బు అడిగే దారి దీనితో తెరుచుకుంది.

ఈ తరహా వైద్యం బోస్టన్ ఒక్కదాని ఘనత కాదని కూడా చెప్పాలి. వెంకటేశ్వరస్వామి గుడి వల్ల తెలుగువారందరికీ తెలిసిన పిట్స్‌బర్గ్‌లో 1992లో జిమ్ విదర్స్ అనే వైద్యుడు రాత్రిళ్లు వీధుల్లో వైద్యం మొదలుపెట్టారు. అంతకుముందే, 1980ల్లో, జాక్ ప్రెగర్ అనే బ్రిటిష్ వైద్యుడు కోల్‌కతా మిడిల్‌టన్ రో కాలిబాట మీద క్లినిక్ నడిపారు. అదే కోల్‌కతాలో 2007 నుంచి ఈశ్వర్ సంకల్ప సంస్థ, మానసిక జబ్బుతో వీధిలో ఉన్నవారికి వారున్న చోటే చికిత్స చేస్తూ, దగ్గర్లోని టీకొట్టు యజమానుల వంటివారిని సంరక్షకులుగా చేసుకుంటోంది. రోజూ టీ ఇచ్చే చెయ్యే మాత్ర కూడా ఇస్తుంది. మన నగరాలకు బోస్టన్ నమూనా కంటే ఇదే దగ్గరదని నా అభిప్రాయం.

తెలుగు రాష్ట్రాల విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్ పల్లెలకు వెళ్లే 104 వాహనాలు, ఎమర్జెన్సీకి 108, హైదరాబాద్ బస్తీ దవాఖానాలు మనకు ఉన్నాయి. చక్రాల మీద వైద్యం మనకు కొత్త కాదు. 2011 జనగణన దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది అని లెక్కించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్, తిరుగాడే మానసిక రోగులను రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చే బాధ్యతను పోలీసులకు అప్పగించింది. ఎర్రగడ్డ ఆసుపత్రిదాకా చేర్చడం ఒక ఎత్తు. అక్కడి నుంచి బయటకు వచ్చాక అఫ్జల్‌గంజ్ కాలిబాట మీద ఆ మనిషి వచ్చే నెల ఇంజెక్షన్ ఎవరి చేత వేయించుకోవాలన్నది మరో ఎత్తు. పేరు తెలిసిన ఒక నర్సు, వారానికి ఒక నిర్ణీత రోజు, ఒక నిర్ణీత చోటు, ఇంతవరకు సమకూర్చడానికి పెద్ద భవనాలు అక్కరలేదు. వాహనం ఉన్న చోట కూడా ఆ మనిషి ఆధార్ కార్డు చూపలేకపోతే ఏమవుతుందో ఆలోచించి నియమాలు రాయాలి.

బోస్టన్ పరిసరాల్లో ఉన్న తెలుగువారికి కొన్ని ఆచరణీయమైన సూచనలు. వీధిలో మనిషి పిలిచినా పలకకపోతే, పెదవులు నీలంగా మారితే, చలిలో వణుకు ఆగి మగతలోకి జారితే 911కు ఫోన్ చేయండి. నిద్రపోతున్నాడులే అనుకుని దాటిపోకండి. నాలోక్సోన్ స్ప్రే ఇప్పుడు చీటీ లేకుండానే మందుల షాపుల్లో దొరుకుతుంది, ఒకటి సంచిలో ఉంచుకోండి. బృందం ఎవరికైనా కట్టు కడుతుంటే ఫోటోలు తీయకండి. అది ఆ మనిషి ఆసుపత్రి గది. సాయం చేయదలిస్తే పాత బట్టల మూటల కంటే కొత్త, మందపాటి ఊలు మేజోళ్లు, పెద్ద సైజువి, ఎక్కువగా ఉపయోగపడతాయి. డిసెంబరులో పండుగల వల్ల విరాళాలు బాగానే వస్తాయి. మార్చిలో, మంచు కరిగి వానతో కలిసి బూట్లలోకి చేరే రోజుల్లో, పాదాలు ఎక్కువగా పాడవుతాయి. అందుకే మా తెలుగు మిత్రుల బృందం ఈ ఏడాది నుంచి మేజోళ్ల సేకరణను ఫిబ్రవరి చివరికి మార్చుకుంది.